ముందు ఆనవాలు, ఆ తరువాతే రీస్టార్ట్

ప్రత్యేక సంచికకు ఏదైనా పాత సంగతి రాసి పంపమని మన సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసినప్పుడు, "నా దగ్గర రాయడానికి ఏముందండీ, అందరూ చేసిన ఉద్యోగమే కదా" అన్నాను. సమ్మెల గురించి, 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన గురించి, ట్రంక్ బోర్డు మీద రాత్రి డ్యూటీల గురించి నాకంటే బాగా రాయగల మిత్రులు మనలో చాలామంది ఉన్నారు. నాకు తెలిసింది ఎక్స్ఛేంజి లోపలి యంత్రం. అది పడిపోయినప్పుడు, ఎందుకు పడిపోయిందో దానిచేతే చెప్పించడం నా ఉద్యోగంలో సగభాగం. ఆ విద్య ఎలా పుట్టి ఎలా పెరిగిందో నాలుగు మాటలు చెప్పి, దాన్ని పక్కన పెట్టి ఒక రాత్రి నేను చేసిన పొరపాటు వల్ల తోటి ఉద్యోగి ఒకాయన పడిన ఇబ్బంది కూడా రాద్దామనిపించింది. ఆయన మన సంఘ సభ్యుడే. అడిగితే, "రాయండి సార్, నా పేరు మాత్రం వద్దు" అన్నారు. అందుచేత ఆయన పేరు గానీ, ఆ ఊరి పేరు గానీ, ఆ ఎక్స్ఛేంజి ఏ రకమన్నది గానీ ఇక్కడ రాయడం లేదు.

ఈ సంచికను మన ఇళ్ళలో పిల్లలు, కోడళ్ళు కూడా చదువుతారు కనుక, సాధ్యమైనంత వరకు తేలిక మాటల్లోనే చెబుతాను.

చెవితో రిపేరు చేసిన రోజులు

నేను 1974లో ఇంజనీరింగ్ సూపర్‌వైజర్‌గా చేరాను. తరువాత ఆ ఉద్యోగం పేరు జూనియర్ ఇంజనీరని, ఆపైన జె.టి.ఓ. అని మారుతూ వచ్చింది. చేరిన రోజు నన్ను స్ట్రౌజర్ స్విచ్ రూములోకి తీసుకువెళ్ళారు. ఆ శబ్దం విన్నవారెవరూ జీవితంలో మరచిపోలేరు. వందలాది సెలక్టర్లు ఒకేసారి ఎక్కుతూ, తిరుగుతూ, దిగుతూ ఉంటే పెంకుటింటి మీద వడగళ్ళ వాన కురిసినట్లుండేది.

ఈ యంత్రాన్ని కనిపెట్టిన ఆల్మన్ స్ట్రౌజర్ ఇంజనీరు కాదు. అమెరికాలోని కాన్సాస్ సిటీలో అంత్యక్రియల ఏర్పాట్లు చేసే వ్యాపారి. ఆయనకు 1891లో పేటెంటు లభించింది. 1892లో ఇండియానా రాష్ట్రంలోని లాపోర్ట్‌లో ఆ పద్ధతి మీద మొదటి ఎక్స్ఛేంజి పని మొదలుపెట్టింది. మన దేశంలో మొదటి ఆటోమేటిక్ ఎక్స్ఛేంజి 1913-14లో సిమ్లాలో వచ్చింది. మన తరం వాళ్ళలో చాలామందికి అన్నం పెట్టిన యంత్రం స్ట్రౌజరే అనడంలో అతిశయోక్తి లేదు.

దాని పని తీరు కంటికి కనిపించేది. చందాదారు అంకె తిప్పితే ఆ అంకె ఎంతో అన్ని మెట్లు షాఫ్టు పైకి ఎక్కుతుంది. తరువాత పక్కకు తిరిగి ఖాళీగా ఉన్న దారిని పట్టుకుంటుంది. ఇలా సెలక్టరు తరువాత సెలక్టరు పట్టుకుంటూ పోయి చివరికి అవతలి నంబరుకు చేరుతుంది. మాట్లాడుతున్నంత సేపూ ఆ సెలక్టర్లన్నీ ఎక్కడివక్కడే నిలబడి ఉంటాయి. అంటే కాల్ నడిచిన దారి అంతా రాకుల మీద కనబడుతూనే ఉంటుంది. లోపం ఉంటే అది ఏ మెట్టు మీద ఆగిందో చూస్తే సరిపోయేది. అనుభవం గల టెక్నీషియన్లు చూడకుండానే చెప్పేవారు. "మూడో రాకులో ఒకటి ఎక్కుతోంది గానీ తిరగడం లేదండీ" అని, టీ తాగుతూ చెవితోనే పట్టిన పెద్దలను నేను చూశాను.

కానీ అందులో ఒక చిక్కుంది. ఫోన్ పెట్టేస్తే సెలక్టర్లన్నీ కిందికి పడిపోయి మొదటి చోటికి వచ్చేస్తాయి. దాంతో ఆనవాలు పోతుంది. ఆకతాయి కాల్స్ పట్టుకోవలసి వచ్చినప్పుడు ఈ బాధ బాగా తెలిసేది. ఎవరో ఒక ఇంటికి రాత్రిపూట ఫోన్ చేసి అసభ్యంగా మాట్లాడుతున్నారని ఫిర్యాదు వచ్చేది. ఆ ఇంటివాళ్ళు అవతలివాణ్ణి మాటల్లో పెట్టి ఆపాలి. ఇక్కడ మేము చివరి సెలక్టరు దగ్గర మొదలుపెట్టి, దాన్ని పట్టుకున్నది ఏ సెలక్టరో, దాన్ని పట్టుకున్నది ఇంకేదో వెతుక్కుంటూ, రాకుల మధ్య టార్చిలైటు పట్టుకుని వెనక్కి పరుగెత్తాలి. సగం దూరం పోయేసరికి వాడు పెట్టేసేవాడు. పడిన సెలక్టరు చప్పుడు వినగానే మా గుండె కూడా పడిపోయేది. ఒక ఇంట్లో ముసలాయన మూడు రాత్రులు ఓర్పుగా వాడిచేత తిట్లు తింటూ లైను పట్టుకుని కూర్చుంటే, మూడో రాత్రి దొరికాడు.

ఆ పరుగే నాకు మొదటి పాఠం. యంత్రం నిలబడి ఉండగానే చూసుకోవాలి. విడుదలైపోయాక ఎంత తెలివి ఉన్నా ప్రయోజనం లేదు.

దీపాలు, చిల్లుల కార్డులు

తరువాత తరం క్రాస్‌బార్. ఇందులో దారి వెతికే పని సెలక్టర్లది కాదు. మార్కర్ అనే యంత్రం ఒకటుండి, దారి మొత్తాన్ని తానే ఎంపిక చేసి, సెకను తిరగకుండానే ఆ కాల్‌ను వదిలి మరో కాల్ పని చూస్తుంది. ఇది పొదుపైన పద్ధతే. అయితే లోపం వచ్చినప్పుడు, మనిషి లేచి వెళ్ళి చూసేలోగా మార్కర్ ఇంకో పనిలో ఉంటుంది. చూడటానికి ఏమీ మిగలదు.

అమెరికాలో బెల్ సంస్థ ఇంజనీర్లు ఈ చిక్కును ముందే గమనించారు. 1938లో వచ్చిన వారి నంబర్ 1 క్రాస్‌బార్‌లో లోపం దొరకగానే ఒక పలక మీద దీపాలు వెలిగే ఏర్పాటు ఉండేది. ఏయే దీపాలు వెలిగాయో చూసి మనిషి కాగితం మీద రాసుకోవాలి. తరువాత 1948లో పెన్సిల్వేనియాలోని మీడియా అనే ఊళ్ళో నంబర్ 5 క్రాస్‌బార్ పెట్టినప్పుడు ఇంకో అడుగు ముందుకు వేశారు. మార్కర్ ఒక కాల్‌ను పూర్తి చేయలేకపోతే, ఆ క్షణంలో ఏ రిలే ఏ స్థితిలో ఉందో ఒక అట్ట కార్డు మీద చిల్లులు పడేవి. దాన్ని ట్రబుల్ రికార్డర్ అనేవారు. కార్డు పడగానే మార్కర్ తన పనిలోకి తాను వెళ్ళిపోతుంది. మనిషి తీరుబడిగా కార్డు తీసి చదువుకోవచ్చు.

నా దృష్టిలో ఈ కార్డు చాలా గొప్ప విషయం. పని ఆగకూడదు, ఆనవాలు పోకూడదు అనే రెండు కోరికలకూ ఒకే చోట సమాధానం దొరికింది. పైగా పది కార్డులు పక్కపక్కన పెట్టి చూస్తే, అన్నిటిలోనూ ఒకే చోట చిల్లు ఉంటే దొంగ ఎవడో తెలిసిపోతుంది. ఒక్క కార్డు చెప్పలేని సంగతి పది కార్డులు కలిసి చెబుతాయి.

కావాలని చేసిన 50 వేల తప్పులు

ఆ తరువాత కంప్యూటరు ప్రోగ్రాం మీద నడిచే ఎక్స్ఛేంజీలు వచ్చాయి. 1960లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని మోరిస్ పట్టణంలో బెల్ ప్రయోగశాల వారు మొదట ప్రయోగాత్మకంగా ఒకటి నడిపారు. అక్కడ వారు చేసిన ఒక పని గురించి చదివినప్పుడు నేను నిజంగా ఆశ్చర్యపోయాను. ఆ యంత్రపు ప్రధాన భాగంలో కావాలని, ఒకదాని తరువాత ఒకటిగా, 50 వేలకు పైగా లోపాలు పెట్టారు. ఒక్కొక్క లోపానికి పరీక్షా ఫలితం ఎలా వస్తోందో రికార్డు చేశారు. వాటన్నిటినీ వరసలో పేర్చి నిఘంటువులాగా అచ్చు వేయించారు. ఇక నిజంగా లోపం వచ్చిన రోజున యంత్రం అచ్చు వేసిన ఫలితాన్ని ఆ నిఘంటువులో వెతుక్కుంటే, ఏ కార్డు మార్చాలో తెలుస్తుంది. ఆయుర్వేద వైద్యుడు నాడి పట్టి లక్షణాన్ని బట్టి రోగం చెప్పినట్లే ఇదీను.

1965లో న్యూజెర్సీలోని సకసన్నాలో నంబర్ 1 ఇ.ఎస్.ఎస్. అనే ఎక్స్ఛేంజి ప్రజల సేవకు వచ్చింది. 40 ఏళ్ళలో మొత్తం కలిపి 2 గంటలకు మించి ఆగకూడదని దానికి లక్ష్యం పెట్టుకున్నారు. అందులో రెండు ప్రాసెసర్లు ఒకే పనిని ఒకేసారి చేస్తూ, ఒకదాని జవాబు ఇంకొకదానితో సరిచూసుకుంటూ ఉంటాయి. తేడా వస్తే, ఎవరిది తప్పో పరీక్షించి, తప్పు చేసినదాన్ని పక్కకు తప్పిస్తారు. మన ఆఫీసుల్లో ఒకరు రాసిన లెక్క ఇంకొకరు టిక్కు పెట్టి చూసే పద్ధతి గుర్తుకు వస్తోంది కదా!

మన దేశంలో డిజిటల్ ఎక్స్ఛేంజీల కాలం 1980లలో మొదలైంది. 1970లో ఫ్రాన్సులోని పెరోస్ గిరెక్‌లో మొదలైన ఇ-10 పద్ధతికి తరువాతి రూపమైన ఇ-10బి యంత్రాలు ఉత్తరప్రదేశ్‌లోని మన్కాపూర్ ఐ.టి.ఐ. ఫ్యాక్టరీలో తయారయ్యేవి. 1984 ఆగస్టులో సి-డాట్ ఏర్పడింది. 1986లో కర్ణాటకలోని కిత్తూరులో వారి గ్రామీణ ఎక్స్ఛేంజి పని మొదలుపెట్టింది. ఏసీ లేకుండా మన ఎండలకు తట్టుకునేలా దాన్ని తయారు చేయడం మనందరికీ గర్వకారణం.

డంప్ అంటే ఏమిటి?

ఈ కొత్త యంత్రాల్లో చూడటానికి సెలక్టర్లు లేవు, వినడానికి చప్పుడు లేదు. ఉన్నదల్లా మెమరీ. మన పోస్టాఫీసు సార్టింగ్ బల్ల మీద గళ్ళు ఉండేవి, గుర్తుందా? మెమరీ అంటే అలాంటి గళ్ళు, లక్షల సంఖ్యలో. ప్రతి గడికీ ఒక చిరునామా ఉంటుంది. ఏ చందాదారు ఫోన్ ఎత్తాడు, ఏ అంకెలు తిప్పాడు, ఏ దారి ఎవరికి ఇచ్చారు అనేదంతా ఆ గళ్ళలోనే ఉంటుంది. కరెంటు పోయినా, రీస్టార్ట్ చేసినా గళ్ళన్నీ ఖాళీ.

మెమరీ డంప్ అంటే ఆ గళ్ళన్నిటిలో ఏముందో, ఉన్నది ఉన్నట్లుగా టేపు మీదకో ప్రింటరు మీదకో దింపుకోవడం. 0 నుంచి 9 వరకు అంకెలు, ఆపైన ఏ నుంచి ఎఫ్ వరకు ఆరు అక్షరాలు, వీటితోనే పేజీలకు పేజీలు వస్తుంది. మొదటిసారి చూసినవాడికి పంచాంగంలో లెక్కల కంటే దుర్భేద్యం. ట్రేస్ అన్నది ఇంకొకటి. ఇది యంత్రం తాను చేసిన చివరి పనులను వరుసగా రాసుకునే చిన్న పలక. పలక నిండిపోతే పాతది చెరిపి దాని మీదే రాస్తుంది. అందుకని యంత్రం పడిన వెంటనే దాన్ని భద్రపరచకపోతే, తరువాతి రాతలు అసలు సంగతిని చెరిపేస్తాయి.

ఆ గళ్ళలో ఒక్క సున్నా ఒకటిగా మారినా పెద్ద ఎక్స్ఛేంజి కూలిపోవచ్చు. 1978లో ఇంటెల్ కంపెనీకి చెందిన తిమోతీ మే, ముర్రే వుడ్స్ అనే ఇద్దరు ఒక విచిత్రమైన విషయం బయటపెట్టారు. చిప్పు పైన వేసే తొడుగులో లేశమాత్రంగా ఉండే యురేనియం, థోరియం నుంచి వెలువడే ఆల్ఫా కణాలు మెమరీలోని బిట్లను తారుమారు చేస్తున్నాయట. మనిషి చేయి పడకుండానే తప్పు జరగవచ్చు. ఈ మాట పాఠకులు గుర్తుంచుకోవాలని కోరుతున్నాను.

ఆ రాత్రి

1992 మే నెల. ఒక జిల్లా కేంద్రంలో ఎలక్ట్రానిక్ ఎక్స్ఛేంజికి నేను ఇన్‌చార్జిని. రాత్రి పదిన్నర దాటాక ఇంటికి మనిషి పరుగున వచ్చాడు. ఊరంతా ఫోన్లు మూగపోయాయి. ఆస్పత్రి, ఫైర్ స్టేషను, పోలీసులు, ఎవరికీ టోను లేదు. నేను వెళ్ళేసరికి అలారం దీపాలన్నీ వెలుగుతున్నాయి. రెండు ప్రాసెసర్లూ పడి ఉన్నాయి.

మాన్యువల్లో స్పష్టంగా రాసి ఉంది. మొదట డంప్ తీయాలి. ఆ తరువాతే ప్రోగ్రాం మళ్ళీ ఎక్కించాలి. డంప్‌కు సుమారు 25 నిమిషాలు పడుతుంది. ఇంతలో వేరే దారిన పెట్టిన సర్వీసు లైను మీద పై అధికారి ఒకాయన, "ఇంకా ఏం చేస్తున్నారు? కలెక్టరు గారి ఫోన్ కూడా పనిచేయడం లేదు. ముందు లేపండి" అన్నారు. 25 నిమిషాలు ఊరిని చీకట్లో ఉంచడానికి నాకు ధైర్యం చాలలేదు. డంప్ తీయకుండానే రీలోడ్ కొట్టాను. 14 నిమిషాల్లో టోను వచ్చింది. అందరం ఊపిరి పీల్చుకున్నాం. వారం తిరగకుండా నాకు మెచ్చుకోలు ఉత్తరం కూడా వచ్చింది.

అసలు కథ తరువాత మొదలైంది. ఎక్స్ఛేంజి ఎందుకు పడింది అని పైనుంచి విచారణ వచ్చింది. చెప్పడానికి నా దగ్గర ఏముంది? గళ్ళన్నీ నేనే తుడిచేశాను. ఆధారం లేనప్పుడు జనం మనిషిని వెతుకుతారు. ఆ రోజు సాయంత్రం మా టెక్నీషియన్ ఒకాయన వేరే రాకులో ఒక లైను కార్డు మార్చాడు. ఆ సంగతి లాగ్‌బుక్కులో ఆయన చేతిరాతతోనే ఉంది. "పవర్ ఉండగా అజాగ్రత్తగా కార్డు లాగడం వల్లనే" అని తేల్చేశారు. "నేను పద్ధతి ప్రకారమే మార్చాను సార్. అది ఈ రాకు కాదు, దానికీ దీనికీ సంబంధం లేదు" అని ఆయన నాతో ఎన్నిసార్లు చెప్పాడో లెక్క లేదు. సంబంధం లేదని నాకూ అనిపించింది. కానీ నా వాంగ్మూలంలో "కారణం తెలియరాలేదు, సర్వీసు 14 నిమిషాల్లో పునరుద్ధరించాను" అని మాత్రమే రాశాను. అబద్ధం కాదు. అయితే డంప్ తీయలేదన్న మాట అందులో లేదు.

ఆయనకు రూల్ 16 కింద చార్జిషీటు ఇచ్చారు. ఒక ఏడాది ఇంక్రిమెంటు ఆపారు. ఆ ఏడాది ఆయన పెద్దమ్మాయి పెళ్ళి. డబ్బు కంటే ఆయనను కుంగదీసింది, వియ్యాలవారి ముందు "చార్జిషీటు పడిందట కదా" అనే మాట.

రెండో రాత్రి

ఆగస్టులో మళ్ళీ అదే జరిగింది. ఉక్కపోత రాత్రి, ఏసీ ప్లాంటు చెడిపోయి ఉంది, ఎక్స్ఛేంజి పడిపోయింది. ఆ టెక్నీషియన్ సెలవు మీద సొంత ఊళ్ళో ఉన్నాడు. సర్వీసు లైను మీద అదే కేక. ఈసారి నేను, "డంప్ తీస్తున్నానండీ, 25 నిమిషాలు పడుతుంది. లాగ్‌బుక్కులో నా సంతకంతోనే రాస్తున్నాను" అని రిసీవరు పెట్టేశాను. ఆ 25 నిమిషాలు టేపు తిరుగుతుంటే గడియారం వైపు చూస్తూ ఎలా నిలబడ్డానో నాకే తెలుసు. ఫైర్ స్టేషనుకూ ఆస్పత్రికీ మనిషిని సైకిలు మీద పంపి, అత్యవసరమైతే కబురు చేయమని చెప్పించాను. నిజానికి మొదటి రాత్రి కూడా అలా చేసి ఉండవచ్చు. తోచలేదు.

టేపు, ప్రింటు కాగితాలు పైకి పంపాం. ఆరు వారాలకు జవాబు వచ్చింది. ఒక మెమరీ కార్డులో చిరునామా లైను ఒకటి, వేడెక్కినప్పుడు మాత్రమే దారి తప్పుతోంది. ఉత్తరం సరిగానే ఉంది, పోస్టుమన్ పక్కింట్లో వేసి వచ్చాడన్నమాట. రాసిన అక్షరం సరైనదే కావడంతో పారిటీ తనిఖీ కూడా దాన్ని పట్టుకోలేకపోయింది. దాని జోడు ప్రాసెసరు ఆ తప్పు పట్టికనే నకలు చేసుకుని, తానూ పడింది. ఆ కార్డు మార్చిన తరువాత మళ్ళీ అలా జరగలేదు.

మే నెల రాత్రి ఏసీ లాగ్‌బుక్కు తీసి చూస్తే, ఆ రోజు కూడా మధ్యాహ్నం నుంచి ప్లాంటు ఆగి ఉంది. రెండు రాత్రుల అలారం ప్రింట్లు పక్కపక్కన పెడితే వరస ఒకటే. క్రాస్‌బార్ చిల్లుల కార్డులు పేర్చినట్లే పేర్చి చూశాను. ఆ కార్డు ఉన్న రాకుకూ ఆయన ముట్టుకున్న రాకుకూ మధ్య గది వెడల్పంత దూరం.

వీటన్నిటితో ఆయన అప్పీలు పెట్టారు. అక్కడ ఒక ప్రశ్న వచ్చింది. "ఆగస్టు సంగతి సరే, మే నెల రాత్రికి రుజువేది?" న్యాయమైన ప్రశ్నే. ఆ రుజువు మెమరీలో ఉండేది. పోగొట్టింది నేను. అది చెప్పవలసినవాణ్ణి కూడా నేనే. రెండు రోజులు ఆలోచించి, డంప్ తీయాలన్న నియమం ఉన్నా తీయలేదని, మొదటి వాంగ్మూలంలో ఆ సంగతి రాయకపోవడం నా తప్పేనని, డంప్ ఉండి ఉంటే ఆ ఉద్యోగి మీద ఆరోపణే వచ్చేది కాదని రాసి ఇచ్చాను. నాకు లిఖితపూర్వకంగా మందలింపు వచ్చింది. మెచ్చుకోలు ఉత్తరం, మందలింపు ఉత్తరం రెండూ ఒకే రాత్రికి సంబంధించినవి. ఇంట్లో ఒకే ఫైలులో దాచుకున్నాను. ఆయన శిక్ష రద్దయింది, బకాయిలు చెల్లించారు. కానీ అందుకు 14 నెలలు పట్టింది. 14 నిమిషాల్లో లేపానని నేను చెప్పుకున్న గొప్పకు అది ఖరీదు.

పెద్ద యంత్రాలూ అంతే

ఇది నా ఒక్కడి అనుభవమే అనుకునేవాణ్ణి. 1990 జనవరి 15న అమెరికాలో ఏ.టి. అండ్ టి. వారి దూరప్రాంత టెలిఫోన్ వ్యవస్థ సుమారు 9 గంటలు కుంటుపడిన సంగతి తరువాత చదివాను. న్యూయార్కులో ఒక స్విచ్ చిన్న లోపం వచ్చి తనను తాను రీసెట్ చేసుకుంది. కొద్ది సెకన్లలో లేచి, తాను వచ్చానని ఇరుగుపొరుగుకు తెలిసేలా సందేశాలు పంపింది. కొత్తగా ఎక్కించిన ప్రోగ్రాంలోని లోపం వల్ల, ఆ సందేశాలు వెంటవెంటనే అందుకున్న స్విచ్‌లు తామూ రీసెట్ అయ్యాయి. అవి లేచి మళ్ళీ ఇతరులను పడగొట్టాయి. అన్నీ ఒకే ప్రోగ్రాం మీద నడిచేవే, 114 స్విచ్‌లు. ఆ సమయంలో దాదాపు సగం కాల్స్ కలవలేదు. సందేశాల రద్దీ తగ్గించాకే వ్యవస్థ కుదుటపడింది. చివరకు కారణమేమిటంటే, ప్రోగ్రాంలో బ్రేక్ అనే ఒక్క మాట ఉండకూడని చోట ఉండటం.

అది చదివినప్పుడు నాకు తట్టింది ఒకటే. రీస్టార్ట్ అనేది మందు కాదు, మత్తు మాత్ర. నొప్పి పోతుంది, రోగం ఉంటుంది. ఒక్కోసారి రీస్టార్టే రోగాన్ని ఊరంతా పంచుతుంది. మళ్ళీ ప్రజలకు ఫోను కావాలి, ఆలస్యం చేయకూడదన్నదీ నిజమే. అందుకే ఆ 25 నిమిషాలను 5 నిమిషాలు చేయడానికి, తరువాత ఏమీ పట్టకుండా చేయడానికి ప్రపంచమంతా ఇంజనీర్లు కష్టపడ్డారు.

ఇప్పుడు మా అబ్బాయి హైదరాబాదులో టెలికాం సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తున్నాడు. ఎక్కడో విదేశంలో యంత్రం పడితే, అది తనంతట తానే డంప్ రాసుకుని లేస్తుంది. ఆ డంప్ రాత్రికి రాత్రే వీళ్ళ ముందు ఉంటుంది. కాల్ ఇప్పుడు పాకెట్లుగా ముక్కలై ప్రయాణిస్తుంది కనుక, ఆ పాకెట్లను పట్టి చూసే వైర్‌షార్క్ వంటి సాధనాలు వచ్చాయి. 1998లో ఇథీరియల్ అనే పేరుతో మొదలై, 2006లో ఈ పేరు పెట్టుకున్నదిది. వాడు "కోర్ డంప్" అంటాడు. కోర్ అంటే ఏమిట్రా అని అడిగితే తెలియదన్నాడు. ఒకప్పుడు మెమరీ అంటే సన్నని తీగల మీద గుచ్చిన ఫెర్రైటు పూసలని, ఆ పూసకే కోర్ అని పేరని, పూసలు పోయినా పేరు మిగిలిందని చెప్పాను. అరగంట సేపు నా మాట వాడు శ్రద్ధగా విన్న సందర్భం ఈ మధ్య కాలంలో అదొక్కటే!

వాడికి ఇంకో మాట కూడా చెప్పాను. డంప్‌లో యంత్రం లోపమే కాదు, ఎవరు ఎవరికి ఫోన్ చేశారన్నదీ ఉంటుంది. మా రోజుల్లో ఆ ప్రింటు కాగితాలు చిత్తు కాగితాలవాడికి పోకుండా, పనయ్యాక కాల్చేవాళ్ళం. చందాదారు గుట్టు కాపాడటం మన ఉద్యోగ ధర్మం. యంత్రాలు మారినా ఆ ధర్మం మారలేదు.

ముగింపు

ఈ వ్యాసం అచ్చుకు పంపేముందు ఆ మిత్రుడికి చదివి వినిపించాను. అంతా విని, "ఏసీ లాగ్‌బుక్కు రాసిన హెల్పరు గురించి ఒక ముక్క రాయండి సార్. అతను టైము వేసి రాయకపోతే మనిద్దరికీ దారి లేదు" అన్నారు. నిజమే. మే నెల రాత్రికి మిగిలిన ఆనవాలు యంత్రంలోది కాదు. ఎవరూ చదవరనుకున్న ఒక పుస్తకంలో, ఎవరూ అడగకపోయినా ఒక చిన్న ఉద్యోగి గంట గంటకూ వేసిన ఉష్ణోగ్రత అంకెలవి.

మనలో చాలామంది ఇళ్ళలో, అటకల మీద అలాంటి పాత లాగ్‌బుక్కుల పేజీలు, డైరీలు, మాన్యువళ్ళు ఉండే ఉంటాయి. పాత కాగితాలవాడు వచ్చినప్పుడు వేసేముందు ఒకసారి తెరిచి చూడండి. తేదీ, ఊరు, యంత్రం పేరు పైన రాసి సంఘ కార్యాలయానికి చేర్చండి. చందాదారుల నంబర్లు ఉన్నవైతే మాత్రం కాల్చేయండి.

సెలవు.